బెల్లం తక్కువైన గోడ

నా చిన్నప్పుడు, బెల్లం తిని చాపెల్ గోడ పాడుచేసిన పిల్ల మా చిత్తూరు మొత్తానికి ఒక్కతే. ఆ పిల్ల నేనే.

నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టరమ్మలు ప్రార్థన చేసుకునే చిన్న చాపెల్ ఉండేది. దొరల కాలం నాటి సున్నపు గోడలు. ఎండాకాలంలో వీపు ఆనిస్తే చల్లగా ఉండేవి. ఒక ఏడు బలిపీఠం వెనక గోడ చెమ్మ పట్టి పొక్కులు లేచింది. అప్పట్లో సిమెంటును మించింది లేదని అందరూ అనేవాళ్లు. పాత సున్నమంతా చెక్కేసి సిమెంటు పూయించాలని పెద్ద మదరమ్మ అనుకున్నారు.

మా తాత సున్నం పని మేస్త్రీ. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడే కుళ్లిపోతుందని ఆయన వాదం. వాదించీ వాదించీ చివరికి ఆ ఒక్క గోడ సున్నంతో పూసి చూపడానికి అనుమతి సంపాదించాడు. వానలకు అది నిలిస్తే చాపెల్ మొత్తం సున్నంతోనే బాగుచేయిస్తారు. నిలవకపోతే సిమెంటు.

గానుగలో ఆడించిన సున్నంలో పట్టు కోసం కలపడానికి కరక్కాయలు దంచి, బెల్లం వేసి, తొట్టి నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేవారు. దసరా సెలవులు కదా అని, బెల్లం కొట్టి తొట్టిలో వేసే పని తాత నాకు అప్పగించాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అయింది. మొదట పిడికెడు తొట్టికి, పిడికెడు నాకు. తర్వాత తొట్టి వాటా ఇంకా తగ్గింది.

పదోనాడు కొంచెం సున్నం కలిపి చూసిన తాతకు అనుమానం వచ్చింది. తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. నన్ను పిలిచి నా నాలుకకూ రాశాడు. ఒట్టి వగరు.

"బెల్లం యాడికి పోయిందిమే?" అన్నాడు.

కొట్టినా బాగుండేది. కొట్టకుండా నన్ను వెంటబెట్టుకుని మదరమ్మ దగ్గరికి నడిచాడు.

"బెల్లం తక్కువేసినాను మదరమ్మా, తప్పు నాదే. మళ్లీ నానబెట్టల్ల" అన్నాడు.

సున్నం గురించి ఎవరికీ తగ్గని మనిషి నా తిండిపోతుతనానికి తల వంచుకుని నిలబడ్డాడు. మదరమ్మ కిటికీలోంచి మబ్బులు చూసి, వానలు ముందే వచ్చి గోడ నిలవకపోతే సిమెంటేనని, ఇక తననేమీ అనవద్దని అన్నారు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

తొట్టి పారబోసే ముందు, కలిపి చూసిన ఆ సున్నం ముద్దను తలుపు పక్కన, నా ఎత్తులో, నా చేతనే పూయించాడు. "గోడ సాడీలు సెప్పదు మే. రాల్చి సూపిస్తాది, అంతే" అన్నాడు.

కొత్త తొట్టి నానినన్నాళ్లూ నాకు ఆకాశం చూడడమే పని. తాత గోడ ముగించాడు. అది ఆరీ ఆరకముందే ముసురు పట్టి వారం వదల్లేదు. పీఠం వెనక ఒక్క పొక్కు లేవలేదు. చాపెల్ సిమెంటును తప్పించుకుంది. తలుపు పక్కన నా జానెడు ముక్క మాత్రం పెచ్చులుగా రాలింది. ఆ బడిలో చదివినన్నాళ్లూ ఆ పొడి నేనే ఊడ్చాను. తాత చూసేవాడు గానీ, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఈమధ్య ఆ చాపెల్‌ను పాత పద్ధతిలోనే బాగుచేయిస్తున్నారని విని చూడబోయాను. తాత పోయి చాలా ఏళ్లయింది. పని చూస్తున్న ఇంజినీరు పిల్ల గోడలన్నీ వేలితో తట్టుకుంటూ వచ్చి తలుపు పక్కన ఆగింది. అక్కడ డొల్లగా మోగింది. పైన ఎన్నిసార్లు సున్నం కొట్టించినా అక్కడ నిలవడం లేదట.

"గోడంతా గట్టిగా ఉండాది. ఈ ముక్క ఎవరు పూసినారో ఏమో అవ్వా" అంది.

"నేనే" అన్నాను.

ఇన్నేళ్లకు ఆ మాట పైకి అన్నాను. తాత తన మీద వేసుకున్న నా తప్పును అప్పుడే దించి ఉండాల్సింది. విషయం విని ఆ పిల్ల పడీపడీ నవ్వి, ఈసారి కూడా మీరే పూయండని బెల్లం అచ్చు తెచ్చి నా చేతిలో పెట్టింది.

కొట్టి మొత్తం తొట్టిలో వేశాను. వేళ్లకు అంటిన బెల్లంతో చెయ్యి దానంతటదే నోటిదాకా వెళ్లింది. షుగరు మాత్రలు మింగుతున్నా ఆ చెయ్యికి బుద్ధి రాలేదు. దాన్ని దించి, వేళ్లు తొట్టి నీళ్లలోనే కడిగాను.