చెల్లెలి మాత్ర, పక్కింటి పెద్దమ్మ

ధర్మవరంలో మగ్గం నేసే మా చెల్లెలికి ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రత లోపం ఉందని హిందూపురం డాక్టరు తేల్చి, మాత్రలు రాశారు. అలవాటైపోతుందేమోనని ఇంట్లో అందరూ జంకారు. డాక్టరు చెప్పినట్టు వాడితే భయం లేదని వారమంతా నేనే ఉపన్యాసాలిచ్చాను. అవి పక్కింటి మగ్గం దాకా వినిపించాయి.

మా వీధిలో ఒక మగ్గానికి పట్టు చుట్టిన కండె తక్కువైతే పక్కవాళ్లు ఇస్తారు. అదే చనువుతో పక్కింటి పెద్దమ్మ వచ్చింది. పెళ్లిచీర గడువు దగ్గరపడిందని, రాత్రంతా మేలుకుని నేయడానికి ఒక మాత్ర అడిగింది. చెల్లెలు అప్పటికే డబ్బా మూత తీసింది.

"ఇయ్యద్దు" అన్నాను.

"ఏమప్పా, భయం లేదని నువ్వే కదా అంటివి?" అంది పెద్దమ్మ.

"దానికి గుండె, బీపీ చూసి ఇచ్చినారు పెద్దమ్మా. నీకు బీపీ ఉండాది. ఇది మింగితే ఇంకా పెరగొచ్చు."

"ఆ మాట ఎందుకు అరిచి చెప్పకపోతివి? భయం లేదనేదే వీధంతా వినపడె."

సభల్లో ఎందరి నోళ్లో మూయించిన నేను, చెల్లెలి చేతిలోని డబ్బాకు మూత పెట్టాను. చెల్లెలు నవ్వుతూ మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేసింది. పెద్దమ్మ అక్కడే నిలబడి, గడువు పెంచమని, చీర నేయిస్తున్న షావుకారుకు ఫోన్ చేసింది.

"నేను నేద్దామనే ఉంటిని. పక్కింటాయప్ప అడ్డం పడినాడు" అని చెప్పింది.