ఆగని ఉత్తరం

ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమె పని మరణ సమాచార ఉత్తరాలు కొట్టడం. తొమ్మిదేళ్లుగా అదే కుర్చీ, అదే పాత కంప్యూటర్. అంతకుముందు ఆ కుర్చీ ఆమె అక్కది. అక్క అందులోనే, ఒక మధ్యాహ్నం, కీబోర్డు మీద తలవాల్చి పోయింది. ఆ ఖాళీలోనే చెల్లెలికి ఉద్యోగమిచ్చారు. ఇవ్వడమైతే ఇచ్చారు గానీ, ఆ కుర్చీలో కూర్చోవడం ఎలా ఉంటుందో అడిగిన మహానుభావుడు లేడు.

అక్క పోయేనాటికి ఇద్దరికీ మాటల్లేవు. పుట్టింటి కుట్టుమిషన్ ఎవరికి చెందాలన్న దగ్గర మాటామాటా పెరిగి, "మళ్లీ నా గుమ్మం తొక్కావంటే చూడు" అనేసింది చెల్లెలు. అక్క తొక్కలేదు. ఆర్నెల్లకు కబురొచ్చింది. అక్క తన మీద కోపంతోనే పోయిందా అన్న ప్రశ్న ఆనాటి నుంచీ ఆమెకు ముద్ద మింగుడుపడనివ్వలేదు.

ఉత్తరానికి అక్క ఒక మాక్రో చేసి పెట్టింది. ఒకసారి మనం కొట్టి చూపిస్తే, నొక్కిన మీటలన్నీ గుర్తుపెట్టుకుని కంప్యూటరే మళ్లీ కొడుతుంది. పేరు దగ్గర ఆగుతుంది, పేరు వేస్తే ముందుకు పోతుంది. ఒక్కటే తంటా, సంతకం లైను తర్వాత కూడా ఆగదు.

"సంతకం పడగానే ఎస్కేప్ నొక్కెయ్యమ్మా. లేకపోతే ఖాళీ లైన్లు పడుతూనే ఉంటాయి" అని మొదటి రోజే చెప్పాడు హెడ్ గుమాస్తా. గదిలో అందరూ దాన్ని దయ్యం పట్టిన ఉత్తరం అనేవారు. ఆమె కూడా నవ్వింది, నొక్కింది. రోజుకు పది పన్నెండుసార్లు నొక్కింది.

ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. పాత మాక్రోలు దానికి అర్థం కావట. మార్చడానికి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ప్రతిదీ చివరిదాకా నడిపించాలి మేడం. మధ్యలో ఆపితే కొత్తదానికి ఎక్కదు. సాయంత్రం ఈ పెట్టె తీసుకుపోతా."

ఆమె ఉత్తరం మాక్రో నడిపించింది. సంతకం లైను పడింది. ఆమె వేలు ఎస్కేప్ మీదికి పోయి వెనక్కి వచ్చింది. ఖాళీ లైన్లు మొదలయ్యాయి. ఒక పేజీ, రెండు, మూడు. మెకానిక్ ఆవలించాడు. నాలుగో పేజీలో అక్షరాలు పడసాగాయి. గబగబా కాదు, మనిషి ఆలోచించుకుంటూ కొట్టినట్టు ఆగి ఆగి.

"చెల్లీ, నేనే ముందు మాట్లాడుతున్నా. మిషన్ నువ్వే ఉంచుకో. ఆదివారం వస్తా. తలుపు తీస్తావా?"

ఆ చివరి మధ్యాహ్నం అక్క ఉత్తరం రికార్డు చేసి, ఆపడం మరిచిపోయి, ఖాళీ లైన్లతో దాన్ని పైకి తోసేసి, దాని కిందే చెల్లెలికి జాబు మొదలుపెట్టింది. తొమ్మిదేళ్లుగా ఈ గదిలో అక్క నోరు తెరవబోయిన ప్రతిసారీ తనే చెయ్యడ్డం పెట్టింది. ఆ సంగతి తలకెక్కేసరికి ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

తెర మీద మాత్రం ఇంకా ఏదో పడుతోంది. ఒకటే అక్షరం. లైను నిండింది, పేజీ నిండింది, మరో పేజీ.

"మీట ఇరుక్కుందేమో" అన్నాడు మెకానిక్.

"కాదు. తల వాలింది" అంది ఆమె.

అతను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. కాసేపటికి అక్షరాలు వాటంతటవే ఆగాయి. ఆనాడు ఎవరో పరిగెత్తుకొచ్చి అక్క తల పైకెత్తిన క్షణం అదే అయ్యుండాలి.

ఆమె కీబోర్డు దగ్గరకు లాక్కుని ఆ అక్షరాల కింద కొట్టింది: "తీస్తానే అక్కా. రా."

"ఇది సేవ్ చెయ్యాలా మేడం?" గొంతు తగ్గించి అడిగాడతను.

"వద్దు బాబూ. నేను చెప్పాల్సింది అక్కకు చెప్పేశాను. ప్లగ్గు తీసెయ్."