వెర్లీన్ పెరట్లో శనివారాలు

కారెక్కే ముందు వెర్లీన్ ఎప్పుడూ వెనక్కి వెళ్ళి, వెనక దీపాలు రెండింటినీ అరచేత్తో తడిమి చూస్తుంది, పశువును నిమిరినట్టు.

ఆ అలవాటు లేని రోజుల్లో శనివారాలన్నీ ఆమె పెరట్లోనే గడిచేవి. మిసిసిపీ పత్తి చేల నడుమ ఆ చిన్న ఊళ్ళో, జరిమానా కట్టలేక ఎవరు జైలుకెళ్ళినా, శనివారం పొద్దున్నే ఆమె ఇనప మూకుడు పొయ్యెక్కేది. జెల్ల చేపలు మొక్కజొన్న పిండిలో పొర్లి నూనెలో దిగేవి. వాసన చర్చి దాటి, రైలు పట్టాలు దాటి పోయేది. జనం పళ్ళెం కొనుక్కుని, చెట్టు కింద నిలబడి, వేళ్ళు ఊదుకుంటూ తినేవారు. ఆ డబ్బుతో జరిమానా కడితే, సాయంత్రానికి జైల్లోని మనిషి ఇంటికొచ్చేవాడు. జుట్టు కత్తిరించే రూఫస్ అలాగే వచ్చాడు, రెండుసార్లు.

ఒక వేసవిలో ఆమె కారు వెనక దీపం పగిలింది. పోలీసు జరిమానా చీటీ రాశాడు. కోర్టు రోజుకి చేతిలో డబ్బు లేదు. వట్టి చేతులతో వెళ్తే అటునుంచటే జైలుకి పంపుతారని ఊరంతా నమ్మేది. ఆమె కూడా నమ్మి ఇంట్లోనే ఉండిపోయింది. రానందుకే వారంటు పుట్టింది. శుక్రవారం వచ్చి పట్టుకెళ్ళారు. కడితే వెళ్ళొచ్చు, లేదంటే రోజుకింత చొప్పున లోపల కూర్చుని తీర్చాలి అన్నారు. సెలవులయ్యి సోమవారం బడి తెరుస్తారు. ఆ పూట, తను వండే బడి వంటశాలలో ఆమె లేకపోతే ఆ పని ఇంకొకరిది.

ఇన్నాళ్ళూ అందరికీ వేయించింది తనే. తనకెవరు వేయిస్తారు?

శనివారం పొద్దు వాలే వేళ జైలు తలుపు తెరిచారు. బయట రూఫస్, చొక్కా నిండా పిండి.

"పద అత్తా."

"ఎవరు వేయించారు?"

"నేనే. కత్తెర తప్ప గరిటె తెలీని చెయ్యి. నవ్వకు."

పెరట్లో ఆమెకని ఒక ముక్క దాచారు. పైన బొగ్గు, లోపల పచ్చి. ఆమె నిదానంగా నమిలింది.

"దీన్ని డబ్బిచ్చి కొన్నారా?"

"కొన్నారు. కొందరు రెండేసి. తినమని మేం ఎవర్నీ బలవంతపెట్టలేదు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ముఖాన్ని రెండు చేతులతో కప్పుకుంది.

మర్నాడు చర్చిలో పాట అయ్యాక, ఎన్నడూ నోరెత్తని వెర్లీన్ లేచి నిలబడింది. తనకు వారంటు పుట్టింది వెళ్ళనందుకేనని, చీటీ వచ్చినవాళ్ళు చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా కోర్టు రోజున వెళ్ళి కనబడమంది. భయమైతే తోడొస్తానంది. ఇంటికొచ్చి, రూఫస్‌ని పిలిచి, పొయ్యి వెలిగించి, చిటికెడు పిండి నూనెలో వేసి, అది తేలేదాకా చేప వెయ్యకుండా ఆగమని చెప్పింది.