మద్యసారం అని రాసిన సీసా

ముందుగా జరిగినవి, జరిగిన వరుసలో:

1. ఉదయం 8.10: లాలాగూడలో ఆటో ఎక్కాను. తార్నాకకు డెబ్బై రూపాయలు.
2. 8.35: తార్నాకలో దిగి ఇడ్లీ తిన్నాను. నలభై రూపాయలు.
3. 9.05: విశ్వవిద్యాలయం గేటు దగ్గర నా సంచి విప్పించారు.
4. 9.20: నా రెండు లీటర్ల ఇథనాల్‌ను కాలువలో పారబోశారు.

పదో తరగతితో చదువు ఆగిపోయిన నేను బండ్ల విడిభాగాల దుకాణం నడుపుతున్నాను. ఇథనాల్ గురించి తెలుగులో దొరికినదంతా చదివాను. భూమిలోంచి తోడిన చమురు మళ్లీ పుట్టదు. చెరకు, మొక్కజొన్న ఏటా పండుతాయి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉన్నందున ఇంధనం మరింత పూర్తిగా మండి, పొగలో విషవాయువు తగ్గుతుంది. మైలేజీ కొంత తగ్గుతుంది, దాచను. కార్బురేటర్‌లో తగిన మార్పు చేస్తే నా పాత మోపెడ్ కూడా దీనితో నడుస్తుందని నా నమ్మకం. అది రుజువు చేసుకోవడానికి ఒక ఆచార్యులు తమ ఇంజన్ పరీక్షా గదిలో 9.30 నుంచి ఒక్క గంట ఇచ్చారు. కర్మాగారం నుంచి ఆ రెండు లీటర్లు తెచ్చుకునే అనుమతి పత్రానికి పదకొండు నెలలు పట్టింది.

ఆటో డ్రైవర్ నా సంచిలోంచి పైకి కనిపిస్తున్న సీసా మీది అక్షరాలు చదివి వెనక్కి తిరిగాడు. "అన్నా, పొద్దుగాల్నే షురూ చేస్తున్నవా?"

బండికి పోసేదని చెప్పాను.

"మా బావ గూడ గట్లనే అంటడు. మందే నాకు పెట్రోల్ అంటడు!"

ఇద్దరమూ నవ్వుకున్నాము. ఆ నవ్వు దగ్గరే నేను ఆలోచించవలసింది.

తార్నాక కూడలి నుంచి గేటుకు నడక పది నిమిషాలు. కాపలాదారు ఇంచుమించు నా వయసువాడు. మూత తీసి వాసన చూశాడు.

"ఏంది సార్ ఇది? మద్యం అని మీరే రాసుకున్నరు."

"మద్యం కాదండీ, మద్యసారం. పాఠ్యపుస్తకంలో ఇథనాల్‌ను అలాగే అంటారు." అనుమతి పత్రం ఇచ్చాను. వేలు పెట్టి మెల్లగా చదివాడు.

"కాయితంల ఇథనాల్ అని ఉన్నది. సీస మీద ఇంకోటున్నది. కలుస్తలేదు గద. దేంతోటి చేస్తరు?"

"చెరకు మడ్డితో."

"గుడుంబ బెల్లంతోని పెడుతరు. గదీ చెరుకే." సీసాను నాకు అందనంత దూరం జరిపాడు. "మా అన్న గుడుంబ తాగే పోయిండు సార్. దీన్ని నేను లోపలికి పోనియ్య."

ఆచార్యులకు ఫోను చేశాను. మోగి ఆగిపోయింది. నేను రెండోసారి కలిపేలోగా సీసా ఖాళీ అయింది.

పది గంటలకు ఆచార్యులు గేటు దగ్గరికి వచ్చారు. "ఇంధనం లేకుండా ఏం పరీక్షిద్దామండీ, వీరభద్రయ్యగారూ? పరీక్షా గదిలోని పాత ఇంజన్లను రేపు తీసేస్తున్నారు. మళ్లీ గంట ఇవ్వడం నా చేతిలో లేదు."

ఆ కాపలాదారు మీద కోపం తెచ్చుకోవాలని ఇంటికి వచ్చేదాకా ప్రయత్నించాను. రాలేదు. అతడు తన అన్నను చంపినదాన్ని ఆపాననుకున్నాడు. పొరపాటు నాది. పదకొండు నెలల్లో ఈ పరీక్షకు చేయవలసిన పనుల పట్టికను ఎన్నోసార్లు సరిచూసుకున్నాను. పత్రంలోని పేరూ సీసా మీది పేరూ ఒకటేనా అని ఒక్కసారీ చూడలేదు. నేను చదువుకున్న భాషలో దాని పేరు అదే కనుక, ఇంకెవరైనా ఇంకోలా చదువుతారని తోచలేదు. గోడకు ఆనించిన మోపెడ్‌కు ఈ సాయంత్రం మళ్లీ పెట్రోల్ పోశాను. పనుల పట్టికలో చేయడానికి ఇంకేమీ మిగలలేదు.

ఇలాంటి పనిమీద వెళ్లేవారికి ఒకటే సూచన: అనుమతి పత్రంలో ఏ పేరు ఉన్నదో సీసా మీద అక్షరం మార్చకుండా అదే రాయండి.

సాయంత్రం 5 గంటల 40 నిమిషాలు.
చింతల వీరభద్రయ్య