అరస్వరం దిగిన చెవి

ఆయనను వీధంతా చెవి మాస్టారు అనేవారు. హార్మోనియంలు బాగుచేసే పనిలో ముప్ఫై ఎనిమిదేళ్లు గడిపారు. పెట్టెలోని ఇత్తడి రీడు ఒక్కసారి పలికితే చాలు, శ్రుతి ఎంత తగ్గిందో, ఎంత హెచ్చిందో చెప్పేసేవారు.

ఆ ఏడు రెండుసార్లు మూర్ఛ వచ్చింది. రెండోసారి పనిబల్ల అంచు తగిలి కనుబొమ్మ చీలింది. ఆసుపత్రిలో మాత్రలు రాశారు. మూర్ఛకే కాదు, మనసు కుదురు తప్పినవారికీ ఇదే మందు ఇస్తామన్నారు. మగత, తలతిరుగుడు ఉండవచ్చన్నారు. అంతటితో సరి. మాత్రల పెట్టెలోని కాగితం మూరెడు పొడవుంది, చీమతలలంత అక్షరాలతో. దాన్ని విప్పి చెప్పే తీరిక ఒక్కరికీ లేకపోయింది.

మూర్ఛ ఆగింది. ఇల్లాలి ప్రాణం కుదుటపడింది. మూడో వారంలో సంగీతం పంతులమ్మ తన తండ్రి వాయించిన హార్మోనియం బాగుచేయమని తెచ్చిచ్చింది. మాస్టారు మెట్లు నొక్కారు. ప్రతి స్వరమూ అరస్వరం దిగి వినిపించింది.

"ఏమే, దీన్ని నీళ్లలో గానీ నానబెట్టారా?"

"మీకు ఏ పెట్టె నచ్చింది గనక!" అని ఇల్లాలు నవ్వింది.

శ్రుతి ఎన్నడూ మారని ట్యూనింగ్ ఫోర్కు మోగించి చూశారు. అదీ దిగే పలికింది. ఇనుమును అనుమానించారు గానీ, తన చెవిని అనుమానించాలని తోచలేదు. నాలుగు రోజులు కూర్చుని రీడ్ల కొనలన్నీ ఆకురాయితో అరగదీసి శ్రుతి పెంచారు. అరిగిన ఇత్తడి మళ్లీ రాదు.

పట్టుకెళ్లిన పంతులమ్మ వారం తిరక్కుండా హార్మోనియంతో మళ్లీ వచ్చింది. "పిల్లల గొంతులకు శ్రుతి అందడం లేదు మాస్టారూ. వయొలిన్‌తోనూ కలవడం లేదు." ఫోన్‌లో శ్రుతి చూపే ముల్లు పెట్టింది. ముల్లు ప్రతి మెట్టుకూ అరస్వరం హెచ్చు చూపింది. మాత్రలు మొదలయ్యాకే చెవి ఇలా అయిందని మాస్టారు ఆసుపత్రికి వెళ్లి చెప్పారు.

"అవునండీ, అరుదుగా కొందరికి అలా వినిపిస్తుంది" అన్నాడు డాక్టరు. "మీ అంతట మీరు ఆపకండి. నెమ్మదిగా వేరే మందుకు మారుద్దాం."

"ముందే చెప్పకూడదా బాబూ? చెవితో బతికేవాణ్ని."

"మీ పని ఏమిటో నాకు తెలీదు కదండీ."

చీటీలో వృత్తి అన్నచోట ఆసుపత్రివారు రాసింది ఒకే మాట: ఇతరములు. అడిగి రాయడానికి అరనిమిషం పట్టేది.

మందు మార్చారు. ఆరో వారానికి స్వరాలు తమ చోటికి వచ్చాయి. మాస్టారు పంతులమ్మ ఇంటికి వెళ్లి, తాను పాడుచేసిన హార్మోనియాన్ని మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా విన్నారు. ఇంటికొచ్చి ఆకురాళ్లన్నీ గుడ్డలో మూటగట్టారు.

"అదేమిటండీ, చెవి బాగైందిగా?"

"బాగైంది. అప్పుడూ బాగానే ఉందనుకున్నానే."