పడవలో కడుపు తిప్పింది నాకే

మా ఇంట్లో ఏళ్ళ తరబడి చెప్పుకున్న మాట ఒకటి అబద్ధం. మా మొదటి బిడ్డ కడుపులోనే పోయిందనీ, కృష్ణలో పడవ కుదుపుకే అలా జరిగిందనీ మా అమ్మ అందరితో అనేది. అలాంటి బిడ్డ అసలు లేదు. ఆ సంగతి నా భార్యకూ నాకూ మాత్రమే తెలుసు. చెప్పవలసింది నేను. చెప్పలేదు.

పెళ్ళయిన కొత్తలో, పంతొమ్మిది వందల యాభైల నడుమ, నా భార్యను పుట్టింటి నుంచి తీసుకువస్తున్నాను. వాళ్ళ ఊరు మాచర్లకు ఎగువన, కొండల మధ్య నది ఒడ్డున ఉండేది. బండిదారి అంతా రాళ్ళు; అందుకని అందరూ పడవెక్కేవాళ్ళు. మెట్ట ఊళ్ళో పెరిగిన నాకు పడవ కొత్త. అత్తగారు వడ్డించిన గారెలూ మాంసం కూరా గొంతుదాకా తిని ఎక్కాను.

“ఆ కొసన కూర్చోబాకండి, నడుమకు రండి. నీళ్ళకేసి కాదు, దూరంగా ఆ కొండకేసి చూడండి. ఈ ఉసిరికాయ బుగ్గన పెట్టుకోండి,” అంది ఆమె.

“పడవంటే నీకొక్కదానికే తెలుసా ఏంది?” అని, కొసనే కూర్చుని పత్రిక తెరిచాను.

కాసేపటికి గాలి లేచింది. పడవ ఊగేకొద్దీ పత్రికలో అక్షరాలు కదలడం మొదలుపెట్టాయి. ఆమె మాత్రం చిన్నపిల్లలా ఒడ్డంతా చూపిస్తోంది: బండ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు, ఇసుకలో నోరు తెరుచుకుని పడుకున్న మొసలి.

“అదుగో, నీటికుక్కలు! ఒకటి చేపను పట్టుకొచ్చింది, చూడండి!”

ఆ మాటకు తల తిప్పబోయాను. తిన్నదంతా పైకి వచ్చింది. తల బయటికి వంచేలోగా ఆమె పైట చెంగు పట్టింది. ఆ తరవాత ఆమె నీటికుక్కల వైపు తిరిగి చూడలేదు. మేం దిగే రేవు వచ్చేదాకా నదికి వీపు పెట్టి నా తల పట్టుకుని కూర్చుంది.

తక్కినవాళ్ళంతా దారిలోనే దిగిపోయారు. పడవవాళ్ళు తెరచాప దించే పనిలో ఉన్నారు. రేవులో మా కోసం బండి కట్టుకొచ్చిన అమ్మా పిన్నీ మొదట చూసింది వాంతితో తడిసిన ఆమె పైట చెంగునే.

“ఏమే, కక్కుకున్నావా?” అంది పిన్ని, కళ్ళు పెద్దవి చేసి. “అక్కా, నువ్వు నానమ్మవవుతున్నావే!”

“నాకేం కాలేదు, చిన్నత్తయ్యా,” అంది నా భార్య.

“సిగ్గు చూడు దీనికి!”

ఆమె నా వైపు చూసింది. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. మగవాడు పడవలో కక్కుకున్నాడంటే పిన్ని ఊరంతా చెప్పి నవ్వుతుందని నా భయం.

ఆ ఆదివారం మా క్రైస్తవుల గుళ్ళో అమ్మ లేచి నిలబడి, కోడలి కడుపు పండినందుకు దేవునికి స్తోత్రం చెప్పింది. నెల తిరగకముందే నా భార్యకు నెలసరి వచ్చింది. ఆడవాళ్ళు ఇంటికొచ్చి కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. లేని బిడ్డ కోసం ఆమె తల వంచుకుని కూర్చుంది.

“ఇక ఈ ఇంట్లో పడవ మాటెత్తొద్దు,” అంది అమ్మ.

తరవాత మాకు పిల్లలు పుట్టారు. అయినా ఆ ఆజ్ఞ పోలేదు. పుట్టింటికి ఆమె ఎప్పుడూ కొండదారిన బండిలోనే వెళ్ళింది.

కృష్ణ మీద ఆనకట్ట లేచే రోజులు వచ్చాయి. నా భార్య వాళ్ళ ఊరు మునుగుతుందని ఇళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. ఒక సాయంత్రం, పిన్ని కూడా ఇంట్లో ఉండగా, నా భార్య అడిగింది:

“అత్తయ్యా, ఊరు మునిగేలోపు ఒక్కసారి పడవలో పోయొస్తాను.”

“ఒకసారి పోగొట్టుకున్నది చాలదా?” అంది అమ్మ.

ఆమె మళ్ళీ నా వైపు చూసింది. రేవులో చూసిన చూపే.

“అమ్మా, అప్పుడు బిడ్డా లేదు, ఏమీ లేదు. పడవలో కక్కుకుంది నేను,” అన్నాను.

అమ్మ, “ఒరేయ్, నీ వాంతికా నేను దేవునికి స్తోత్రం చెప్పింది!” అంది. పిన్ని నవ్వబోయి కోడలి ముఖం చూసి ఆగిపోయింది. అమ్మ లేచి కోడలి పక్కన కూర్చుంది. “పోయిరా, తల్లీ,” అంది.

ఇద్దరం వెళ్ళాం. పొద్దున రెండు ఇడ్లీలే తిన్నాను. పడవ నడుమ కూర్చుని, ఉసిరికాయ బుగ్గన పెట్టుకుని, కొండ మీంచి చూపు తిప్పలేదు. గాలి లేచినా కడుపు కదల్లేదు. బండలు దగ్గరయ్యాక ఆమె నా మోచెయ్యి తట్టింది. మూడు నీటికుక్కలు. ఒకటి వెల్లకిలా తేలుతూ చేపను రెండు చేతులతో పట్టుకుని తింటోంది. అవి చేతులతో తింటాయని నాకు అప్పుడే తెలిసింది. పడవ మలుపు తిరిగేదాకా ఆమె వాటినే చూస్తూ ఉంది. ఆ బండలూ ఇక నీళ్ళ కిందికే.

ఆమె ముఖం నా వైపు తిప్పాక అన్నాను: “ఆ రోజు రేవులో నువ్వు నా వైపు చూసినప్పుడే నేను చెప్పి ఉండాల్సింది. నా పరువు కోసం నీకు ఇన్నేళ్ళు ఈ నది లేకుండా చేశాను. తప్పు నాది. నన్ను క్షమించు.”