తీగ మీద దాచిన మనిషి

మా కార్ఖానా బస్తీలో నా మాట నమ్మేవాళ్ళు తక్కువ. హుస్సేన్ సాగర్‌లో ఒక మొసలి పోస్టుమాన్ సైకిల్‌ను మింగిందనీ, దానికి ఆకలేసినప్పుడల్లా కడుపులో బెల్లు మోగేదనీ ఒకప్పుడు చెప్పాను. అబద్ధాలకోరన్న ఆ పేరు ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ సంగతి ఎత్తుకుంటే చాలు, మా పిల్లలు "మొసలి ఎక్కడొస్తుందమ్మా" అంటారు. ఇందులో మొసలి లేదు. ఎక్కడైనా నమ్మబుద్ధి కాకపోతే, అది నిజంగా జరిగిందన్నమాట. నేను పెంచిన చోట్లు నమ్మేట్టుగానే పెంచుతాను.

మా అత్తవారిది రేడియో కంపెనీ. పేరుకు కంపెనీ గానీ, మామగారు, అత్తగారు, మా ఆయన, నేను, ఒక వైర్‌మన్, ఇంతే. మామగారు బందరు నుంచి టీచరు పనికి వచ్చి, ఆ పని వదిలి, ముందు గదిలో ఒక పెద్ద రేడియో, ఒక యాంప్లిఫయరు పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి స్తంభాల మీదుగా చుట్టుపక్కల ఇళ్ళకు, టీ హోటళ్ళకు తీగలు లాగించారు. తీగ చివర ప్రతి ఇంట్లో ఒక చెక్క స్పీకరు ఉండేది. జనం దాన్ని డబ్బా అనేవాళ్ళు. ముందు గదిలో ఏది మోగితే అదే ఆ డబ్బాలన్నిట్లో మోగేది. పొద్దున మామగారు బైబిలు వాక్యం చదివేవారు. తర్వాత గ్రామఫోను పాటలు, కూరగాయల ధరలు, తప్పిపోయిన మేకల సంగతి, సాయంత్రం పెద్ద రేడియోలోంచి వార్తలు. ఆదివారం మధ్యాహ్నం నా కథలు. గోడలకు బొంతలు వేలాడదీసిన ఆ గదిలో కూర్చుని అబద్ధాలు చెప్పడానికి నాకు పెళ్ళయిన కొత్తలోనే లైసెన్సు దొరికింది.

వైర్‌మన్‌ను అందరం చాచా అనేవాళ్ళం. నల్గొండ వైపు తురక కుటుంబం, ఇంట్లో తెలుగే. తీగలు చూడడం ఒక పని. సభలకు, పెళ్ళిళ్ళకు మైకు, బ్యాటరీలు కట్టడం రెండో పని. మైకులు అద్దెకిచ్చేది మేమే.

ఆ మైకు దగ్గరే తక్లీఫ్ షురూ అయింది. పోలీసు యాక్షన్‌కు ముందు ఊళ్ళో ఊరేగింపులు తీసే రజాకార్లు, ఆ ఖాకీ దళం వాళ్ళు, మామగారి దగ్గరికి వచ్చి మైకు కావాలన్నారు. వద్దనే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. మామగారు చాచాను పంపారు. చాచా మైకు కట్టాడు. ఆ మైకులో వాళ్ళు నిజాంకు ఎదురు తిరిగినవాళ్ళంటూ కొందరి పేర్లు చదివారు. పేరు చదివిన ఒకతణ్ణి ఆ వారంలోనే కర్రలతో కొట్టి కాలు విరగ్గొట్టారు. అతనిది మా పక్క గల్లీయే.

తర్వాత ఢిల్లీ సైన్యం వచ్చింది. ఖాకీలు రాత్రికి రాత్రి చొక్కాలు విప్పేశారు. ఇప్పుడు వెతకడం అవతలి వాళ్ళ వంతు. కాలు విరిగినతని తమ్ముడు చేతికి మూడు రంగుల పట్టీ కట్టుకుని మిలిట్రీ జీపులో కూర్చుని ఇళ్ళు చూపిస్తున్నాడు. అతను చాచా పేరు పలికాడని తెలిసిన రోజే చాచా మా పెరటి తలుపు తట్టాడు. మామగారు మాట్లాడకుండా లోపలికి తీసుకుని బ్యాటరీల గదిలో చాప వేశారు. మా ఆయన సామాను కొనడానికి బెజవాడ వెళ్ళి, రైళ్ళు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో మేం ముగ్గురం, లోపల చాచా.

ఒక సాయంత్రం వార్తలు అయిపోయాయి. మామగారు మైకు ముందు కూర్చుని కర్ఫ్యూ వేళలు చదివి లేచారు. నేను గ్రామఫోను రికార్డులు సర్దుతున్నాను. అత్తగారు కొంగు నడుముకు చెక్కుకుని వచ్చారు. ఆమెది బొల్లారం. గొంతుకు మైకు అక్కర్లేదు.

"ఇగో, మీకే చెప్తున్న. గాయన్ని బ్యాటరీల గదిల ఎన్ని దినాలు దాస్తరు? జీపు దినాం గీ రోడ్డు మీదనే తిర్గుతున్నది. కోడలు పిల్ల సుత ఇంట్ల ఉన్నది. గింత పరేషాన్ మనకెందుకు?"

మామగారు నోరు తెరిచేలోపు నాకు ఒక వింత వినబడింది. అత్తగారి గొంతు గదిలోంచి ఒకటి, రోడ్డు అవతలి టీ హోటల్లోంచి ఒకటి. "పరేషాన్ మనకెందుకు" అని హోటలు డబ్బా కూడా అడుగుతోంది.

మామగారు మైకు మీట దించడం మరిచారు. ఆ డబ్బాలున్న ప్రతి ఇంట్లో అత్తగారి మాట అప్పటికే పడిపోయింది. కిటికీలోంచి చూశాను. హోటలు బల్ల దగ్గర మూడు రంగుల పట్టీ అబ్బాయి కప్పు చేతిలో పట్టుకుని మా ఇంటి వైపే తల తిప్పాడు.

చెయ్యి మీట మీదికి వెళ్ళింది. ఆగిపోయింది. ఇప్పుడు మీట దించితే, దాచిన మాట నిజమని ఊరంతటికీ నేనే చాటినట్టు. ఆపకుండా ఉండడం ఒక్కటే దారి. వేలు పెదవి మీద పెట్టి అత్తగారికి మైకు చూపించాను. ఆమె ముఖం సున్నం కొట్టినట్టయింది. నేను ఆదివారం కథల గొంతు తెచ్చుకున్నాను.

"అంది మహారాణి. కోటలో దీపాలు పెట్టే వేళ. శత్రురాజు రథం వీధిలో తిరుగుతోంది. దాచిన మనిషిని బయటికి పంపమని రాణి పోరుతోంది. రాజు ఏమన్నాడో వినండి."

అని మామగారి వైపు చూశాను. అక్కడే నా లెక్క తప్పింది. ఆయన చర్చి సంఘంలో పెద్ద. ఆ మైకులో పొద్దున వాక్యం చదివిన నోటితో సాయంత్రం అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయన మీట వైపు చూశారు, బ్యాటరీల గది తలుపు వైపు చూశారు. చివరికి వెనక్కి వచ్చి మైకు ముందు కూర్చున్నారు.

"అతను నేను పంపితే వెళ్ళాడు," అన్నారు, వాక్యం చదివే గొంతుతోనే. "వెళ్ళనంటే నేను జీతం కోసేవాణ్ణి. కట్టినవాడు అతను, కట్టమన్నవాణ్ణి నేను. శిక్ష పడాలంటే ముందు నాకు పడాలి. నేనుండగా అతన్ని గడప దాటించను."

కథ కాదది. ఉన్నదున్నట్టు ఊరంతటికీ చెప్పేశారు. నేను మళ్ళీ కథల గొంతుతో, "రాజు మాటకు రాణి ఏమంటుందో వచ్చే ఆదివారం" అని మీట దించాను. ఎదురు హోటల్లో డబ్బా మూగబోయింది.

అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. "ఇప్పుడేందే," అన్నారు నాతో.

ముందు వచ్చింది పక్కింటి టీచరమ్మ, చేతిలో గరిటె అట్లాగే ఉంది. వెనక హోటలాయన. వాళ్ళ వెనక ఇంకొందరు. కర్ఫ్యూకు కొంత పొద్దుంది గనక వరండా నిండింది. అందరూ నాటకం బాగుందంటున్నారు. ఒక్కరూ నా కళ్ళలోకి చూడడం లేదు.

"రాణి బాగ చేసింది," అంది టీచరమ్మ. "నిజం కొట్లాట లెక్కనే ఉండె."

"ముప్పయ్యేండ్ల సంది ప్రాక్టీసు చేస్తున్న," అన్నారు అత్తగారు. ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు ఆ మాట.

అప్పుడు జనం పక్కకు జరిగారు. పట్టీ అబ్బాయి మెట్లెక్కి వచ్చాడు. ఇరవై దాటి ఉండవు. నిద్ర లేని కళ్ళు.

"మా ఇంట్ల సుత డబ్బా ఉన్నది," అన్నాడు మామగారితో. "మా అన్న మంచంల పండుకోని ఇన్నడు. మీ నాటకం ఇని ఏడ్చిండో నవ్విండో నాకు తెల్వదు. మీరు అబద్ధం ఆడరని అందరంటరు. గందుకే మిమ్మల్నే అడుగుతున్న. లోపల ఉన్నడా?"

మామగారి పెదవులు కదిలాయి. నాకు తెలిసిపోయింది ఏమంటారో. ఆపడానికి చొక్కా పట్టుకోబోయాను, అందలేదు.

"ఉన్నాడు," అన్నారు. "మైకు కట్టినవాడు లోపలున్నాడు. కట్టించినవాడు నీ ముందున్నాడు. ఎవర్ని కావాలంటే వాణ్ణి తీసుకెళ్ళు బాబూ."

హోటలాయన పగలబడి నవ్వాడు. "చూసిండ్రా, పెద్దాయన ఇంకా రాజు వేషం విప్పలే," అన్నాడు. టీచరమ్మ నవ్వింది. ఇంకొకరు, తర్వాత వరండా అంతా. ఆ నవ్వులో సంతోషం లేదు. అందరూ చేతులు కలిపి కూలబోయే గోడను పట్టుకున్నట్టు ఉంది. మామగారు ఒక్కరే నవ్వలేదు. ఆ అబ్బాయీ నవ్వలేదు. మామగారి ముఖం చూసి, తల తిప్పి రోడ్డు వైపు చూశాడు. జీపు హోటలు ముందే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు.

కేక వెయ్యలేదు. మెట్లు దిగి, జీపెక్కకుండా, గల్లీలోకి నడిచి పోయాడు. నమ్మాడా, నమ్మనట్టు నటించాడా, నేనీ వయసుకీ తేల్చుకోలేకపోయాను.

జనం వెళ్తూ వెళ్తూ నాకు కథ గురించి సలహాలిచ్చారు. "చిన్నమ్మా, గా మనిషిని గడ్డి బండ్ల ఎక్కియ్యిండ్రి కథల," అన్నాడు హోటలాయన గొంతు తగ్గించి. "మా బామ్మర్ది బండి తెల్లారంగ బొల్లారం పోతది. మిలిట్రీ గుర్రాలకు గడ్డి. మిలిట్రీ గడ్డిని మిలిట్రీ గుచ్చి చూడదు." "బొల్లారంల రాణి పుట్టిల్లుంది గద," అంది టీచరమ్మ. "ఆడ ఉంచొచ్చు." అత్తగారు తల ఊపారు. పొద్దున్నుంచీ వద్దన్న మనిషే రొట్టెలు మూటగట్టి, పుట్టింట్లో తన తమ్ముడికి చెప్పాల్సిన మాట చాచాకు నేర్పించారు. తెల్లవారుజామున గడ్డి కింద చాచాతో బండి వెళ్ళిపోయింది.

కథ ఆపే వీల్లేకపోయింది. ఆపితే అనుమానం. ప్రతి ఆదివారం రాజుగారి మనిషి ఒక అడవిలో ఉన్నాడని చెప్పేదాన్ని. చాచా ఇంట్లోనూ డబ్బా ఉంది, అతని భార్య చాచీ వింటుందని తెలుసు. గడ్డి బండాయన బొల్లారం కబురు తెచ్చేవాడు. దాన్ని నేను కథలో కలిపేదాన్ని. అతనికి దగ్గు తగ్గింది. అతను మేకలకు ఆకు కోస్తున్నాడు. పెద్ద కొడుకును బడి మానిపించొద్దన్నాడు. చాచీ ఎప్పుడూ మా ఇంటికి రాలేదు. వస్తే చూసేవాళ్ళుంటారు.

ఒక వారం బండెద్దుకు కాలు బెణికి కబురు రాలేదు. నేను కల్పించాను. కల్పించడం నాకు కష్టమా. అడవిలో ముసలమ్మ ఒకామె అతనికి గుత్తి వంకాయ వండి పెట్టిందనీ, కడుపునిండా తిని నిద్రపోయాడనీ చెప్పాను.

మర్నాడు చాచీ పట్టపగలు మా ముందు తలుపు దగ్గర నిలబడింది.

"చిన్నమ్మా, నిన్నటి కథ ఆయన పంపిందా, నువ్వు అల్లిందా?"

ఏ మాటయినా అల్లగలిగే నాకు ఆమె ముందు అల్లాలనిపించలేదు. "నేను అల్లిందే చాచీ," అన్నాను. "కబురు రాలే."

"అనుకున్న. వంకాయ తింటే ఆయనకు ఒళ్ళంత దద్దుర్లు. ఆకలితో ముప్పై ఊళ్ళు తిరిగినా ముట్టడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "అంటే ఆయన ఎట్లున్నడో నీకు సుత తెల్వదు."

"తెల్వదు."

"ఇన్ని దినాలు నీ నోట్ల నుంచి బతికిండు నా మొగడు. ఇగ చాలు. నేను పోయి తెచ్చుకుంట."

అత్తగారు వారించారు, మామగారు వారించారు. పట్టుకుపోతారన్నారు. "పట్టుకపోతే నా కండ్ల ముంగట పట్టుకపోనియ్యి," అంది. "కథల ఇనలేను."

జ్వరంతో సగమైన చాచాను రెండో రోజు సాయంత్రం జట్కాలో తెచ్చింది. దాచుకుని కాదు, తానే ముందు కూర్చుని, హోటలు ముందు నుంచి. రోడ్డు మీద అందరూ చూశారు. మేం ఆ రాత్రంతా, మర్నాడంతా జీపు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం. జీపు రాలేదు.

పట్టీ అబ్బాయి వచ్చాడు. ఒక్కడే, ఈసారి చేతికి పట్టీ లేదు. గడప దాటలేదు.

"మా ఇంటి తీగ కోసెయ్యిండ్రి," అన్నాడు మామగారితో. "గా మైకు గొంతు మా అన్న మళ్ళ ఇననంటున్నడు."

"కోయిస్తాను," అన్నారు మామగారు. కాసేపాగి, "ఎవర్ని పంపను బాబూ?" అన్నారు.

"ఆ పని ఎవరిదో వాళ్ళనే."

చాచా లేవగలిగిన రోజు నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళాడు. భయం పట్టలేక నేనూ వెనక వెళ్ళాను. ఇంటి ముందు మంచం మీద అన్న పడుకుని ఉన్నాడు, కట్టు కట్టిన కాలు దిండు మీద. చాచా అతని వైపు చూసి ఏదో అనబోయాడు. అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. చాచా నిచ్చెన గోడకు ఆనించాడు. అక్కడ నేల ఏటవాలు, నిచ్చెన ఒక పక్కకు ఒరిగింది. పై మెట్టెక్కేసరికి నిచ్చెన ఊగింది. తమ్ముడు లోపల్నుంచి వచ్చి, పైకి చూడకుండా, నిచ్చెన అడుగున రెండు చేతులతో పట్టుకున్నాడు. చాచా తీగ కోసి, చుట్ట చుట్టి, దిగాడు. అతని కాలు నేలకు తగిలాకే తమ్ముడు చేతులు తీశాడు.